నోటి వాసన చూసే మనిషి

ఆ పరాయి మనిషి వంగి, పసిపిల్ల నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

వీరమ్మ తన కూతురు నీలాను చటుక్కున లాక్కుని కొంగుతో దాని మూతి తుడిచింది.

"నల్లమందు పెట్టినవా, చెల్లె?" అని అడిగిందామె.

పెట్టక? నాట్లకు పోయే తల్లులంతా పెట్టేవాళ్ళే. ఆవగింజంత మందు పాలలో రంగరించి పోస్తే, పొద్దుగూకే దాకా పిల్ల గుడిసెలో కదలకుండా పడి ఉంటుంది. గరిడేపల్లి కూలివాడలో తాతల నాటి నుంచి జరుగుతున్న పని. తప్పు పట్టడానికి ఈమె ఎవరు?

ఎవరో ఎవరికీ తెలియదు. రజాకార్ల పీడ విరగడైన మరుసటి ఏడు, నాట్ల కాలంలో, నెత్తిన మూటతో వచ్చింది. పేరు చెప్పలేదు. వయసు నలభై దాటి ఉంటుంది. రెండు చెవితమ్మెలూ తెగి వేలాడుతున్నాయి. రజాకార్ల భయానికి ఎవరో వదిలిపోయిన పాకలో దిగింది. పిల్లలను తాను చూసుకుంటానని, పూటకింత జొన్న గట్క పోస్తే చాలునని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మందు మాత్రం పెట్టకూడదంది.

"మందు పెట్టి తెస్తే పొద్దుగూకే దాక పండనియ్య. అరికాళ్ళు గిల్లి ఏడిపిస్త. ఏడిస్తెనే పానం నిలుస్తది."

వీరమ్మకు ఆ మాటా నచ్చలేదు, ఆ చూపూ నచ్చలేదు. ఆమె కళ్ళు మాటిమాటికీ వీరమ్మ చెవులకున్న ఎర్రరాళ్ళ కమ్మల మీద పడేవి. పెళ్ళినాడు అత్త బాలమ్మ పెట్టిన కమ్మలవి. అందరినీ బిడ్డా అని, తననొక్కదాన్నే చెల్లె అని పిలవడం చూస్తే కమ్మలకు ఎసరు పెడుతున్నట్టే అనిపించింది. దొంగమొహం అనుకుంది.

అయినా పిల్లను అప్పగించింది. వాడంతా అప్పగించింది. అవసరం అలాంటిది మరి. బాలమ్మ ఒక్కతే ఆ పాక వైపు తొంగిచూడలేదు.

మూడో రోజు నుంచి మొదలైంది. ఎన్నడూ నోరెత్తని పిల్లలు గుక్కపట్టి ఏడ్వసాగారు. ముక్కులు కారాయి, విరేచనాలు పట్టుకున్నాయి. అలవాటు పడ్డ ఒళ్ళు మందు మానితే అలాగే గింజుకుంటుందని, ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోమని ఆమె గడపగడపకూ పోయి బతిమాలింది. ఎవరు వింటారు?

"బాణామతి," అంది బాలమ్మ. "నోటికాడ ముక్కు పెట్టి పిల్లల పానం పీలుస్తున్నది."

ఆ ఒక్క మాట చాలింది. ఆరో రోజు పొద్దున్నే పాక మీద పడ్డారు.

పళ్ళు రాలగొడితే బాణామతి మంత్రం పలకదట. వాడ పెద్ద జంగయ్య రాయి తెచ్చాడు. పిల్లలకు గట్క తినిపించిన చేతులను చెరొకరు పట్టుకున్నారు. ఒక చేయి పట్టుకున్నది వీరమ్మే. ఆ పరాయి మనిషి అరవలేదు. నెత్తురు ఉమ్మి, "చెల్లె, పిల్లకు మల్ల మందు పెట్టకు," అని మాత్రం అంది. ఆ నెత్తురు మణికట్టు మీద చిందితే వీరమ్మ ఛీ అనుకుని మట్టితో రుద్దుకుంది.

ఆ మనిషి మూట ఎత్తుకుని మిర్యాలగూడ బాట పట్టింది. మొగవాళ్ళు ఏదో ఘనకార్యం చేసినట్టు అరుగు మీద కూర్చుని చుట్టలు కాల్చుకున్నారు.

మర్నాడు బాలమ్మే తన చేత్తో నీలాకు మందు పోసింది. ఎప్పుడూ పోసేంతే పోసింది. కానీ ఆరు రోజులు మందు మరిచిన ఒళ్ళు దాన్ని తట్టుకోలేదు.

వీరమ్మ పొలం నుంచి వచ్చేసరికి పిల్ల వేలాడిపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. అదే వాసన.

పిల్లను ఎత్తుకుని పాకకు పరుగెత్తింది. పాక ఖాళీగా ఉంది. అక్కడే కూలబడి అరికాలు గిల్లింది. మళ్ళీ గిల్లింది. గోళ్ళు దిగేలా గిల్లింది. కొంగు తడిపి మొహం తుడిచింది, భుజాన వేసుకుని తిప్పింది, మళ్ళీ గిల్లింది. పొద్దు వాలుతుండగా నీలా సన్నగా మూలిగి, ఆ తర్వాత గొంతెత్తి ఏడ్చింది.

ఆ ఏడుపు విని, వెనకే వచ్చిన బాలమ్మ పాక గుమ్మంలో చతికిలబడింది.

"గిట్ల గిల్లాలని గప్పుడు నాకెరుక లేకపాయె," అంది.

అప్పుడేం జరిగిందో తానే చెప్పుకుపోయింది. ఇరవై ఏళ్ళ కిందట కోదాడ దిక్కు ఊళ్ళో ఉన్నప్పటి మాట. వీరమ్మ మొగుడు ఎల్లయ్యకు అప్పుడు మూడేళ్ళు. పెద్దకొడుకు భార్య కోతకు పోతే, నాలుగు నెలల మనవరాలికి బాలమ్మే మందు పోసింది. పిల్ల మళ్ళీ లేవలేదు. పిల్లను మింగిందని కోడలి మీదే నింద వేసి ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. ఆ పెద్దకొడుకు కలరాకు పోయాక ఇల్లు ఎత్తేసి ఇటు వచ్చారు.

వీరమ్మకు అత్త మొహం చూస్తే ఒళ్ళంతా కంపరమెత్తింది.

"ఆ కోడలు ఎటు పాయె, అత్తా?"

బాలమ్మ చూపు వీరమ్మ చెవుల మీద ఆగిపోయింది. వీరమ్మ చేయి మెల్లగా కమ్మల మీదికి పోయింది. నిన్న ఆ మనిషిని కదలకుండా పట్టుకున్న చేయి అది. అత్త కంటే ఆ చేతిని చూస్తేనే ఎక్కువ రోత పుట్టింది.

ఇరవై ఏళ్ళ కిందట పెద్దకోడలి తమ్మెలు తెగేలా బాలమ్మ గుంజుకున్న కమ్మలవి. ఆ పెద్దకోడలే నిన్న మిర్యాలగూడ బాట పట్టింది.