పక్కసీటు

కెయిర్న్స్ వెళ్ళే రాత్రి బస్సు సముద్రం పక్కన పెట్రోలు బంకు దగ్గర ఆగింది. పొద్దుట్నుంచీ కీరన్‌తో పోట్లాడుతున్న భార్య టెగన్, తన వీపుసంచి అతని ఒళ్ళో పడేసి బాత్రూముకెళ్ళింది.

బయల్దేరేముందు డ్రైవరు అలవాటుగా కేకేశాడు. "పక్కసీటు ఖాళీగా ఉంటే ఇప్పుడే అరవండర్రా! తర్వాత ఏడ్చినా వెనక్కి తిప్పను."

కీరన్ పక్కసీటు ఖాళీగానే ఉంది.

"మా ఆవిడ పక్కనే ఉందిలే, పోనియ్!" అన్నాడతను. రాత్రంతా ఇక్కడే పడుంటే దాని తిక్క కుదురుతుందనుకుని, కిటికీవైపు తిరిగి నవ్వుకున్నాడు.

బస్సు కదిలింది. లైట్లు ఆరిపోయాయి. ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావ్? బస్సేదీ?" అంటూ టెగన్ ఏడుస్తోంది. "ఇక్కడ ఒక్క నరపురుగు కూడా లేదు!"

కీరన్ జవాబు చెప్పేలోగా తడిజుట్టున్న తల ఒకటి అతని భుజమ్మీద వాలింది. చల్లటి వేళ్ళు ఫోను లాక్కుని ఆపేశాయి.

"పక్కనే ఉందన్నావుగా," అంది పక్కసీటులోంచి ఒక గొంతు, ముద్దుగా.