డేగ వాలిన చెయ్యి

"ఈ డేగ ఎవరి చేతిమీద వాలుతుందో, సైన్యం జీపుల్లో వేటకు తగలేసిన పెట్రోలు డబ్బంతా వాళ్లే కట్టాలి" అన్నాడు తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు.

గల్ఫ్ యుద్ధం అయిన మరుసటేడు, దోహాకు దూరంగా, షహానియా అవతల సైన్యం ఎడారి క్యాంపులో నేను వంటవాణ్ణి. రోజూ డేగకు మాంసం పెట్టేది నేనే, కాబట్టి అది నా దగ్గరికే వస్తుంది.

కెప్టెన్ చేతులు జేబుల్లో దాచుకున్నాడు. "గంగారాం, నువ్వు చెయ్యి చాపు, యల్లా, తొందరగా! నీ మీద వాలితే నువ్వే వేటగాడివి. రేపే ఉద్యోగం ఊడి ఇంటికి పోతావు."

"సార్, నాకు జీపు నడుపుడే రాదు. యేటకెట్ల పోత?"

"మాట్లాడకు!"

ఆఫీసరు డేగ కళ్లగంతలు విప్పి దాన్ని ఎగరేశాడు. అది క్యాంపు మీద ఒక చుట్టు తిరిగింది. నన్ను దాటింది, కెప్టెన్‌ను దాటింది. నేరుగా వెళ్లి ఆఫీసరు చేతిమీదే వాలి, హాయిగా రెక్కలు ముడుచుకుంది. పోయిన చలికాలం వేటలో దాన్ని మోసిన చెయ్యి అదే.



ఆఫీసరు "పాపం, దీనికి కళ్లు కనపడవు" అని తేల్చాడు. సైన్యం ఖర్చుతోనే దోహాలో కంటి డాక్టరుకు చూపించమన్నాడు.

నా ఉద్యోగం నిలిచింది. గుడ్డి డేగను చెయ్యి పట్టి నడిపించడానికి ఒక మనిషి కావాలి కదా.