తెలుగెట్లొస్తది?

తార్నాక పరుశురాం జపాన్ యానిమే బొమ్మల సిరీస్‌లకు తెలుగు హక్కులు కొని టీవీలకు అమ్ముతాడు. యూనివర్సిటీ సెమినార్‌లో దొరికిన మైకును వదలడం లేదు.

"నిన్నటితో నా ఒప్పందం అయిపోతేంది? స్టూడియోలోళ్లు సొంత యాప్ పెట్టుకోనీ. నడుమ నేను లేకుంటే వాళ్లకు తెలుగెట్లొస్తది?"

చప్పట్లు మోగుతుండగానే ఫోన్‌లో స్టూడియో మెయిల్ వచ్చి పడింది. తెలుగులో.

"మా బొమ్మల మీద మీ ప్రేమకు సంతోషం. అయితే ప్రేమ వేరు, హక్కు వేరు. నేటి నుంచి ప్రసారం నిలిపివేయగలరు."

పరుశురాం ఉలిక్కిపడ్డాడు. ఆ ముక్కలు ఒకప్పుడు తను రాసినవే.

ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"నేను గ్లోరీని సార్, ఆ యాప్‌కి తెలుగు హెడ్‌ని. హాస్టల్లో ఉన్నప్పుడు ఈ సిరీస్‌లకే ఊరికే సబ్‌టైటిల్స్ రాసి నెట్‌లో పెడుతుంటే నాకు నోటీసు పంపారు కదా, పొల్లు పోకుండా అదే దించాను. మీరు లేకపోతే మాకింత మంచి తెలుగు ఎలా వచ్చేది?"