ఆఖరి ఎపిసోడ్‌కు గొంతు

అంతరిక్షంలో గుర్రపు స్వారీ చేసే షెరీఫ్ సీరియల్‌కు ఆ రాత్రి సీజన్ ఆఖరి ఎపిసోడ్ డబ్బింగ్. షెరీఫ్‌కు గొంతిచ్చే డబ్బింగ్ అక్క, గొంతు ఆపరేషన్ అయ్యాక మైకు ముందు నిలబడడం అదే మొదటిసారి. ఇవాళ గొంతు పలకకపోతే షెరీఫ్ పాత్ర చేజారిపోతుంది.

అద్దం అవతల సౌండ్ ఇంజనీరు కూర్చునే గది చీకటిగా ఉంది. తెర మీద బొమ్మ కదిలింది.

"ఈ గ్రహం మాది. ఇక్కణ్ణించి కదలం," అంది అక్క, వణుకుతూ.

"భయం లేకుండా ఇంకోసారి చెప్పమ్మా," అంది హెడ్‌ఫోన్స్‌లో ఓ బొంగురు గొంతు. ఇంజనీరుకు జలుబు చేసిందనుకుందామె.

ఈసారి ఆమె గొంతు ఖంగున మోగింది. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

అప్పుడు ఇంజనీరు తలుపు తోసుకుని ఆమె దగ్గరకు వచ్చాడు. "సారీ అక్కా, లిఫ్టులో ఇరుక్కుపోయాను. రికార్డింగ్ ఎవరు ఆన్ చేశారు?"

అద్దం అవతల ఖాళీ కుర్చీ మెల్లగా ఆమె వైపు తిరిగింది.

"నీ గొంతు ఎక్కడికీ పోలేదమ్మా," అని అదే బొంగురు గొంతు చెవిలో వినిపించింది.

అక్క ఒళ్లు జలదరించింది. అయినా తల ఎత్తి నిలబడింది.

"తర్వాతి సీను పెట్టండి," అంది ఖాళీ కుర్చీ వైపు చూస్తూ.