మళ్లీ వెయ్యమ్మా

"తీసెయ్. నేను చెప్పిన రంగు ఇది కాదు," అన్నాడు శ్రీకాంత్.

అరుణజ్యోతి చేతిలోని బ్రష్ పక్కన పెట్టింది. పది గోళ్లకూ రంగు వేయడం అప్పుడే పూర్తయింది. కస్టమర్ చేతుల్ని లైటు పెట్టెలోంచి బయటికి తీయించింది. జెల్ రంగు ఆరి గట్టిపడింది కూడా.

"సార్, మీరు చూపించింది ఈ రంగే కదా?"

"నేను చూపించింది దానిమ్మగింజ రంగు. ఇది ఇటుకరాయి మాదిరి ఉండాది. నువ్వే చూడు."

కుర్చీలో కూర్చున్న అతని భార్య జయంతి తన వేళ్లను చూసుకుంది. "బాగానే ఉండాయి కదా. చాలు, పోదాం పాండి," అంది మెల్లగా.

"నువ్వుండు. దుడ్లిచ్చేటప్పుడు పని సరిగ్గా చేయించుకోవద్దా?"

మాటలు విని కౌంటర్ దగ్గర్నుంచి ఓనర్ పద్మజ లేచి వచ్చింది. అనంతపురంలో గోళ్ల కోసమే తెరిచిన ఆ సెలూన్ కి ఆన్‌లైన్లో వచ్చే స్టార్లే ప్రాణం. పోయిన వారం ఎవరో అరుణజ్యోతి పని బాగాలేదని ఒక్క స్టారిచ్చి పోయారు. ఇంకొకటి అట్లాంటిది పడితే పనికి రావద్దని పద్మజ ఆ రోజే చెప్పేసింది.

"సార్ ఎట్ల చెప్తే అట్ల చెయ్యి జ్యోతీ," అంది ఇప్పుడు, అంతకంటే ఏమీ అడగకుండా.

అరుణజ్యోతి దూదిని రిమూవర్లో ముంచి ఒక్కో గోరు మీదా పెట్టి, పైన ఫాయిల్ కాగితం చుట్టింది. "రంగు మెత్తబడేదాకా చేతులు కదపద్దక్కా," అంది. జయంతి పది వేళ్లూ చాచుకుని, కట్లు కట్టిన మనిషిలా కూర్చుంది. చూపు మాత్రం అద్దాల తలుపు మీదే ఉంది.

రెండోసారి రంగు కుదిరింది. కానీ చిటికెన వేలి గోరు వంకరగా ఉందన్నాడు శ్రీకాంత్. ఒక్కదాన్నే సరిచేస్తే మిగతావాటితో కలవదన్నాడు. మళ్లీ దూది, మళ్లీ ఫాయిల్. రిమూవర్ ఘాటుకు అరుణజ్యోతికి కళ్లు మండాయి. ట్యాంకర్ రాక డ్రమ్ములో నీళ్లు అడుగంటాయి. మగ్గుతో కొంచెం తోడుకుని చేతులు తడుపుకుని వచ్చింది.

ఇంతలో జయంతి ఉన్నట్టుండి లేచింది. "నాకు గోళ్లే వద్దు. నేను పోతా."

శ్రీకాంత్ నవ్వుతూ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "నీ కోసమే గదా ఇదంతా! సగం సగం గోళ్లతో యాడికి పోతావ్?" చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా నవ్వారు. జయంతి తల దించుకుంది.

అరుణజ్యోతికి ఆమె మీద జాలి వేసింది. మొగుడి చాదస్తానికి సిగ్గుపడుతోందనుకుంది. త్వరగా ముగించి పంపిద్దామని చేతులు గబగబా ఆడించింది.

"తొందరేం లేదమ్మా, నిదానంగా చెయ్యి," అన్నాడు శ్రీకాంత్, ఫోన్లోంచి తలెత్తకుండానే. "మాకేం అర్జెంటు పని లేదు."

టప్పున ఒక కన్నీటి చుక్క అరుణజ్యోతి మణికట్టు మీద పడింది.

"మండుతాందా అక్కా?"

"లేదు."

మూడోసారి రంగు కూడా అయింది. ఉంగరం వేలికి మెరుపులు వేయమన్నాడు. వేశాక, మరీ ఎక్కువయ్యాయి తీసెయ్యమన్నాడు. అరుణజ్యోతి పద్మజ వైపు చూసింది. పద్మజ ముఖం తిప్పుకుంది. ఆమెకూ ఆ స్టార్ల భయమే. అరుణజ్యోతి కొత్త దూది అందుకుంది. తీసింది. మళ్లీ వేసింది. నడుం విరిగిపోతోంది. వేళ్ల చివర్లు తెల్లగా పొక్కిపోయాయి.

శ్రీకాంత్ ఒకసారి ఫోన్లో టైం చూసుకున్నాడు. చటుక్కున లేచాడు.

"చాల్లే. బాగుండాయి."

గోళ్ల వైపు చూడనేలేదు. అడగకముందే అయిదు స్టార్లూ ఇచ్చేశాడు. "శానా ఓపికమ్మా నీకు," అని అరుణజ్యోతిని మెచ్చుకున్నాడు కూడా. పద్మజ ముఖం వెలిగింది. అతను కారు తిప్పుకొస్తానంటూ ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

జయంతి ఇంకా కుర్చీలోనే ఉంది. అరుణజ్యోతి ఆమె చేతులకు నూనె రాస్తూ, ఊరడించినట్టుగా అంది: "ఎంత సతాయించినా, సార్ కు మీరంటే ప్రేమక్కా. పెళ్లాం గోళ్ల కోసం ఇంతసేపు కూచున్న మొగోణ్ణి నేనైతే చూడలే."

జయంతి తన వేళ్లను ఒకసారి తిప్పి చూసుకుంది.

"మడకశిర తావ బళ్లో టీచర్ ఉద్యోగమొచ్చింది నాకు. 'గోళ్లు వేయించుకో, ఆఫీసు కాడికి నేనే దింపుతా' అని పిల్చుకొచ్చినాడు. ఉద్యోగంలో చేరేదానికి ఈ పొద్దే ఆఖరు... అయిదు దాటె, ఆఫీసు ఇప్పుడే మూసేసింటారు."