దున్నని చెల్క

"తాతా, చప్పుడు చెయ్యకు! గూడు కదుల్తది!"

రోజారాణి మూతి మీద వేలు పెట్టుకుని కసిరింది. గట్టెక్కి వచ్చిన మనిషి ఉన్నచోటే ఆగిపోయాడు.

ఏదో చెబుదామని వచ్చినవాడే. ఆ మాట మింగేసి, చెప్పులు విడిచి, మెల్లగా నడిచొచ్చి పిల్లల వెనక నుంచి తొంగి చూశాడు.

జిల్లేడు ఆకు కింద లేతాకుపచ్చ గూడు వేలాడుతోంది. నిన్నటిదాకా ఆకుల్ని కరకరా నమిలిన చారల గొంగళి పురుగు ఇప్పుడు అందులో ఉంది.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. బాన్సువాడ శివారు బడిలో పిల్లలకు ఎండాకాలం శిబిరం పెట్టారు. సహజ టీచర్ రోజూ పొద్దున్నే వాళ్లను బీర్కూర్ రోడ్డు పక్కనున్న ఈ మెట్ట చెల్కకు తీసుకొస్తోంది. తొండలను చూశారు, పేడపురుగులను చూశారు, ఉత్తరేణినీ పల్లేరునూ గుర్తుపట్టారు. ఒకనాడు ఉడుము తోక కూడా కనబడింది. తోకే కనబడింది, మిగతాది అప్పటికే పొదలో దూరింది. పిల్లలు మాత్రం ఇళ్లకు పోయి మొసలంత ఉడుమని చెప్పుకున్నారు.

"గిది ఎన్నడు ఎల్తదమ్మా?" అని అడిగాడు ఆ మనిషి.

"ఏది అన్నా?"

"గా లోపలి పురుగు."

"సీతాకోకచిలుకయి ఎల్తది. వారమో, పది దినాలో. చెప్పలేం."

"పది దినాలా!"

ఆయన పైన మొగులు దిక్కు చూసి, తల గోక్కుని వెళ్లిపోయాడు.

సహజ టీచర్ దిగులు ఆమెది. మొన్న అకాల వాన కురిసింది. భూమికి పదును దొరికింది కదా అని చుట్టుపక్కల చెల్కలన్నిట్లో ట్రాక్టర్లు దిగాయి. ఈ ఒక్కటీ దున్నేస్తే జిల్లేడూ పోతుంది, గూడూ పోతుంది. పిల్లల మొహాలు ఎట్లా చూడాలి?

"గటు దిక్కు భూములన్నీ రాజారాం పటేల్‌వే. నేను చెప్త తియ్యమ్మా" అన్నాడు హెడ్మాస్టర్ గోపాల్ సార్.

చెప్పినట్టే ఉన్నాడు. అన్నీ దున్నారు గాని ఈ చెల్క జోలికి ఎవరూ రాలేదు. పటేల్ ఎంత మంచివాడని సహజ లోలోపల మురిసిపోయింది.

ఆ మనిషి మాత్రం రోజూ ఊడిపడేవాడు.

"ఎల్లిందా అమ్మా?"

"లేదన్నా."

మర్నాడు మళ్లీ హాజరు.

"ఎల్లిందా?"

"ఇంకా లేదు."

ఓ రోజు సహజకు చిర్రెత్తుకొచ్చింది.

"నీకు పనేం లేదా అన్నా? రోజు వచ్చి గిదే అడుగుతవ్!"

"పనుందమ్మా. గందుకే అడుగుతున్న."

పిల్లలు గొల్లున నవ్వారు. సహజ నవ్వలేదు.

"పిల్లల్ని జర నిమ్మళంగ చూడనియ్యి. రేపటి సంది రాకు."

"మంచిదమ్మా" అన్నాడు. కోపం లేదు, చిన్నబుచ్చుకున్నట్టూ లేడు. గూడు వైపు ఒక్కసారి చూసుకుని గట్టు దిగాడు.

ఆ తర్వాత చెల్కలో అడుగు పెట్టలేదు. రోడ్డు మీదే నిలబడి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పేవాడు. రోజారాణి ఇక్కడి నుంచి తల అడ్డంగా ఊపేది. చూసి కూడా సహజ చూడనట్టే ఊరుకునేది.

శిబిరం రేపటితో ముగుస్తుందనగా గూడు నల్లబడింది. లోపల మడిచిన నారింజ రెక్కలు కనిపించాయి.

"టీచర్! చీలుతుంది! చీలుతుంది!"

తడిసి ముడతలు పడ్డ రెక్కలతో అది బయటికి వచ్చి గూడునే పట్టుకుని వేలాడింది. అల్లరి మూకంతా నోరు కట్టేసుకుని కూర్చుంది. రెక్కలు మెల్లమెల్లగా విచ్చుకున్నాయి, ఆరాయి. చూస్తుండగానే అది గాల్లోకి లేచి, జిల్లేడు పూల మీదుగా కాలువ దిక్కు పోయింది.

పిల్లల కేకలకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. సహజ కళ్లు చెమ్మగిల్లాయి. టీచరయ్యాక ఇంత సంతోషం ఆమెకు ఇదే మొదటిసారి.

రోజారాణి గట్టెక్కి, రెండు చేతులూ రెక్కల్లా ఆడించింది.

రోడ్డు మీది మనిషి కూడా రెండు చేతులూ ఆడించాడు.

మర్నాడు బడిలో ముగింపు సభ జరిగింది. సహజ రాజారాం పటేల్‌కు శాలువా కప్పి, "మా శిబిరానికి మీరు చేసిన మేలు మరిచిపోలేం" అంది. పటేల్‌కు శాలువాలు కొత్తేం కాదు. ఎందుకు కప్పుతున్నారని అడిగే అలవాటు ఆయనకు ఎప్పుడో పోయింది.

జనమంతా వెళ్లిపోయాక సహజ ఆయన దగ్గరికి వచ్చింది.

"పటేల్ సాబ్, ఇగ మీ చెల్క దున్నుకోండ్రి. పిల్లలు చూసుడు అయిపోయింది."

"ఏ చెల్క?"

"బీర్కూర్ రోడ్డు మీదిది. జిల్లేళ్లున్నది."

పటేల్ పకపకా నవ్వాడు.

"అది నాదెక్కడిదమ్మా! గోపాల్ సార్ చెప్పేటాల్లకే నావన్నీ దున్నుడయిపోయింది. గది తండా భిక్యాది. ఆయనకున్న భూమి గదొక్కటే."

"మరి ఆయనెందుకు దున్నలేదు?"

"పదును పోతది, నా ట్రాక్టర్ ఖాళీగనే ఉంది, దున్నుకోమని నేనే మొత్తుకున్న. 'పిల్లల పురుగు ఇంకా ఎల్లలేదు పటేలా' అంటడు. రోజు పోయి అడిగొచ్చుడు, రోజు గదే మాట. ఇప్పుడు భూమి రాయి లెక్కయింది. మల్ల వాన పడ్డంకనే దున్నుడు."

సహజ గబగబా గేటు దాకా వెళ్లి అటూ ఇటూ చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఆయన ఏడుంటడు పటేల్ సాబ్? నేను మాట్లాడాలె."

"ఇప్పటిదాకా ఈడనే ఉండె గదమ్మా! నాకు నువ్వు శాలువా కప్పంగ, అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టింది ఆ భిక్యానే."