టాంజానియా విజయగాథ

సూరత్ లింబాయత్‌లో, ఇళ్లలో చీరలకు రాళ్లంటించే ఆడవాళ్లను కూర్చోబెట్టి స్వచ్ఛంద సంస్థ నీరజ మేడం వీడియో వేసింది. అందులో టాంజానియా మహిళ ఒకామె వీధిలో బట్టలమ్మి, రెండు నిమిషాల్లో పేదరికాన్ని జయించి, కొత్త గౌనులో నవ్వింది.

"ఆమెను చూసి నేర్చుకోండమ్మా!"

కనకవ్వ లేచింది. "మేడం, పోయినేడు మీరు సేఠ్ దుకాణంల కొత్త చీర గడియసేపు నాకు కట్టిపిచ్చి, నవ్వుమని వీడియో తీసుకపోయిండ్రు గదా. గదేడ చూపెట్టిండ్రు?"

"టాంజానియాలోనే! నిన్ను చూసే ఈమె ఇంతదయింది కనకవ్వా!" మేడం పొంగిపోయింది.

కనకవ్వ తెర దగ్గరికి వెళ్లి, గౌను చంక కింద వేలాడుతున్న ధర చీటీ మీద వేలు పెట్టింది.

"మంచిగనే నేర్సుకున్నది మేడం. నాలెక్క చీటీ దాచుడొక్కటే మర్సింది."